కర్నూలు ల్యాబుల 'ఫుల్ బాడీ చెకప్' ప్యాకేజీ: ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను పట్టిస్తుందా?

కర్నూలు ఎన్.ఆర్.పేటలో, గాయత్రీ ఎస్టేట్స్‌లో ఏ ల్యాబు ముందు చూసినా ఒకే రకం బోర్డు: ఇన్ని పరీక్షలు, ఇంత రేటు, పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకుంటాం. అనంతపురం, కడపలోనూ ఇదే వరస. ఈ సమీక్ష ఏదో ఒక ల్యాబు గురించి కాదు, అందరూ అమ్ముతున్న ఆ ప్యాకేజీ గురించి. దాన్ని ఒకే పనికి పెట్టి చూశాం. షుగరు జబ్బు రాకముందే, గుండె రక్తనాళాలు పూడుకోకముందే కనిపించే ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను, అంటే ఒళ్లు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడాన్ని, అది పట్టిస్తుందా?

మా మార్కులు: చవకైన చిన్న ప్యాకేజీకి ఐదుకు నాలుగు, ఎక్కువ పరీక్షలతో అమ్మే పెద్దదానికి రెండు. కావలసిన అంకెలన్నీ చిన్నదాంట్లోనే ఉన్నాయి. అయితే రిపోర్టు ఏ అంకెకు ఆ అంకెనే విడిగా చూపిస్తుంది, కలిపి చదవదు. అన్నిటికంటే ఎక్కువ చెప్పే నడుము కొలత చాలా ప్యాకేజీల్లో అసలు లేదు.

ముందు జబ్బు నడిచే తీరు తెలిస్తే ఏ పరీక్షకు డబ్బు పెట్టాలో తెలుస్తుంది. కండరాలు, కాలేయం, కొవ్వు కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోతే క్లోమం మరింత ఇన్సులిన్ వదిలి షుగరును అదుపులో పెడుతుంది. అలా నెట్టుకొచ్చినంత కాలం ఫాస్టింగ్ షుగరు మామూలుగానే వస్తుంది. లండన్ ప్రభుత్వోద్యోగులపై చేసిన వైట్‌హాల్ 2 అధ్యయనం 2009లో దీన్ని స్పష్టంగా చూపింది. జబ్బు బయటపడటానికి ముందు ఐదేళ్లలో ఇన్సులిన్ పనితీరు బాగా పడిపోయింది. ఫాస్టింగ్ షుగరు మాత్రం చివరి మూడేళ్లలోనే గబగబా పెరిగింది. అంటే షుగరు అంకె ఆలస్యంగా కదులుతుంది.

అంతకుముందే కదిలేవి కొవ్వు అంకెలు. ఇన్సులిన్ పనితీరు దెబ్బతిన్న కాలేయం ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును ఎక్కువగా తయారుచేసి, దాన్ని మోసే వీఎల్‌డీఎల్ కణాల్లో రక్తంలోకి పంపుతుంది. ఆ కణాలు హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) కణాలతో కొవ్వును మార్చుకుంటాయి. దాంతో హెచ్‌డీఎల్ తగ్గిపోతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై, దట్టంగా మారతాయి. మరోవైపు కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచడంతో బీపీ పెరుగుతుంది. రక్తనాళాలు అవసరానికి తగ్గట్టు సడలడం తగ్గుతుంది. ఇవన్నీ ఒకే మూలం నుంచి వస్తున్నాయని 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్, అక్కడి డయాబెటిస్ అసోసియేషన్ ఏటా పెట్టే బాంటింగ్ ఉపన్యాసంలో చెప్పి, ఈ గుంపుకు 'సిండ్రోమ్ ఎక్స్' అని పేరు పెట్టారు. ఈనాటి మెటబాలిక్ సిండ్రోమ్ అదే. షుగరు జబ్బు, గుండెపోటు ఒకే మనిషిలో జతగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

మన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే లెక్క ప్రకారం 10.1 కోట్ల మందికి షుగరు జబ్బు ఉంది, మరో 13.6 కోట్ల మంది దానికి ముందు దశలో ఉన్నారు. పైగా మనవాళ్లలో కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చే తీరు ఎక్కువ. బరువు చూసి మోసపోయేది అక్కడే.

పరీక్షల సంఖ్య ఎలా పెరుగుతుంది

డెబ్బై పైచిలుకు పరీక్షలని బోర్డు మీద ఉంటే అన్నీ విడివిడిగా చేసిన పరీక్షలని అనుకోకండి. వీఎల్‌డీఎల్ సాధారణంగా ట్రైగ్లిజరైడ్స్‌ను ఐదుతో భాగిస్తే వచ్చే అంకె. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ కూడా లెక్కే: మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతునూ తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ లెక్క చెల్లదు. అప్పుడు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవమని అడగాలి. గ్లోబులిన్, ఏ/జీ రేషియో, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్, బీయూఎన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, కొలెస్ట్రాల్ రేషియోలు ఇవన్నీ కూడికలు, తీసివేతలు, భాగహారాలు. రక్తకణాలను లెక్కించే ఒక్క సీబీపీయే ఇరవై దాకా వరుసలు ఇస్తుంది. సంఖ్య చూసి ప్యాకేజీ ఎంచుకుంటే అంకగణితానికి డబ్బు కట్టినట్టే.

మన పనికి కావలసినవి ఇవి: ఫాస్టింగ్ షుగరు, హెచ్‌బీఏ1సీ (రెండు, మూడు నెలల సగటు షుగరు), లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్), కాలేయానికి ఎస్‌జీపీటీ, ఎస్‌జీవోటీ, కిడ్నీకి క్రియాటినిన్, సీబీపీ. అన్ని ల్యాబుల్లోనూ అతి చవక ప్యాకేజీలోనే ఇవి దాదాపుగా ఉంటాయి. హెచ్‌బీఏ1సీ ఒక్కటీ కొన్నిచోట్ల విడిగా కలపాల్సి వస్తుంది, ఫోన్‌లోనే అడిగేయండి.

రిపోర్టు చేతికొచ్చాక చేయాల్సిన లెక్క

ఉదాహరణకు నలభై ఏళ్ల మనిషి రిపోర్టు ఇలా ఉందనుకుందాం. ఫాస్టింగ్ షుగరు 98, హెచ్‌బీఏ1సీ 5.6, మొత్తం కొలెస్ట్రాల్ 178, ట్రైగ్లిజరైడ్స్ 180, హెచ్‌డీఎల్ 36, ఎల్‌డీఎల్ 106. షుగరు రెండూ మామూలు. కొలెస్ట్రాల్ 200 లోపే. ఎర్రగుర్తులు రెండే, అవీ చిన్నవిగా అనిపిస్తాయి. "షుగర్ లేదులే" అనుకుని ఫైల్లో పెట్టేసే రిపోర్టు ఇది.

ఇప్పుడు ట్రైగ్లిజరైడ్స్‌ను హెచ్‌డీఎల్‌తో భాగించండి. 180ని 36తో భాగిస్తే 5. ఈ నిష్పత్తి 3, అంతకు మించితే ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ను అనుమానించాలి. 5 అంటే అనుమానం బలమైనదే.

రెండో లెక్క ట్రైగ్లిజరైడ్స్‌నూ గ్లూకోజ్‌నూ కలిపి చూసే టీవైజీ ఇండెక్స్. ట్రైగ్లిజరైడ్స్‌ను ఫాస్టింగ్ షుగరుతో గుణించి, సగం చేసి, ఫోన్ కాలిక్యులేటర్‌లో 'ఎల్ఎన్' (ln) మీట నొక్కాలి. 'లాగ్' మీట నొక్కితే తప్పు అంకె వస్తుంది, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. 180ని 98తో గుణించి సగం చేస్తే 8820, దాని ఎల్ఎన్ విలువ 9.08. ఇదే లెక్కను ట్రైగ్లిజరైడ్స్ 90, షుగరు 88 ఉన్న మనిషికి చేస్తే 8.28 వస్తుంది. ఒకే గీత అన్ని జనాలకూ సరిపోదు. అయినా 8.5 నుంచి 8.8 మధ్యకు చేరితే జాగ్రత్తపడాలి, 9 దాటితే తేలిగ్గా తీసుకోకూడదు.

మూడోది నాన్ హెచ్‌డీఎల్. మొత్తం కొలెస్ట్రాల్ 178లోంచి హెచ్‌డీఎల్ 36 తీస్తే 142. ఎల్‌డీఎల్ 106 చూసి ఊరట పడే మనిషికి అసలు సంగతి చెప్పేది ఇదే, ఎందుకంటే రక్తనాళాల గోడల్లో చేరే కణాలన్నిటిలోని కొలెస్ట్రాల్ ఇందులో ఉంది. మామూలుగా 130 లోపు ఉండాలి. ఇదివరకే గుండెజబ్బు, షుగరు ఉన్నవాళ్లకు లక్ష్యం ఇంకా తక్కువ.

ఎస్‌జీపీటీ కూడా చూడండి. రిపోర్టులో పై హద్దు 40, 45, 50 అని ల్యాబును బట్టి వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పురుషుల్లో అది 33 లోపు, స్త్రీలలో 25 లోపు ఉండాలన్నది కాలేయ నిపుణులు చెప్పే మాట. మందు అలవాటు లేని మనిషికి 42 వచ్చి, ట్రైగ్లిజరైడ్స్ కూడా పెరిగి ఉంటే కాలేయంలో కొవ్వు చేరిందేమో స్కాన్ చేయించడం సబబు.

టేపు, బీపీ మిషను

ప్యాకేజీ ధరలో పదో వంతు కూడా పెట్టనక్కర్లేని కొలత నడుముది. దక్షిణాసియా వాళ్లకు హద్దు పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80. ప్యాంటు కట్టుకునే చోట కొలిస్తే తక్కువ వస్తుంది, ఎందుకంటే పొట్ట పెరిగినవాళ్లు ప్యాంటును దాని కిందకి జార్చి కడతారు. చివరి పక్కటెముక అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, బట్టల మీద కాకుండా ఒంటి మీద, టేపు నేలకు సమాంతరంగా పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. సాగిపోయిన పాత టేపు వద్దు.

పై మనిషి నడుము 94 అనుకుందాం. మెటబాలిక్ సిండ్రోమ్ లెక్కలో నడుముతో పాటు నాలుగు గుర్తులు చూస్తారు: ట్రైగ్లిజరైడ్స్ 150, అంతకంటే ఎక్కువ, హెచ్‌డీఎల్ పురుషుల్లో 40 కంటే, స్త్రీలలో 50 కంటే తక్కువ, బీపీ 130/85, ఆపైన, ఫాస్టింగ్ షుగరు 100, ఆపైన. మొత్తం ఐదులో మూడుంటే సిండ్రోమ్ ఉన్నట్టే. ఇతనికి నడుముతో కలిపి మూడు వచ్చేశాయి. షుగరు ఒక్కటే చూసి ఉంటే సున్నా.

ఇంటికొచ్చి రక్తం తీసే కుర్రవాడి సంచిలో బీపీ మిషను ఉంటే చూపించుకోండి. సూది గుచ్చకముందే చూడమనండి, గుచ్చాక చూస్తే భయానికీ నొప్పికీ పెరిగి ఉండొచ్చు. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి.

చెన్నైలో తయారైన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోరుకు రక్తం చుక్క కూడా అక్కర్లేదు. వయసు 35 నుంచి 49 అయితే 20, 50 దాటితే 30. నడుము పురుషులకు 90 నుంచి 99, స్త్రీలకు 80 నుంచి 89 అయితే 10, ఆపైన 20. వ్యాయామమూ ఒళ్లు వంచే పనీ రెండూ లేకపోతే 30, ఏదో ఒకటి ఉంటే 20. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగరుంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 చేరితే ముప్పు ఎక్కువ. మన ఉదాహరణ మనిషి రోజంతా కొట్లో కూర్చునేవాడు, వాళ్ల నాయనకు షుగరు ఉంది అనుకుంటే 20, 10, 30, 10 కలిపి 70.

ఫాస్టింగ్ ఇన్సులిన్: అదనంగా కొనాలా?

పెద్ద ప్యాకేజీలను అమ్మేటప్పుడు గట్టిగా చెప్పే పరీక్ష ఇది. పేరు వినగానే ఇన్సులిన్ రెసిస్టెన్స్‌కు సరిగ్గా ఇదే కావాలనిపిస్తుంది. లెక్క తేలిక. ఫాస్టింగ్ ఇన్సులిన్‌ను ఫాస్టింగ్ షుగరుతో గుణించి 405తో భాగిస్తే హోమా ఐఆర్. 1985లో ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన లెక్క ఇది. ఇన్సులిన్ 6, షుగరు 92 అయితే 1.36. ఇన్సులిన్ 18, షుగరు 96 అయితే 4.27. 2 నుంచి 2.5 దాటితే సాధారణంగా రెసిస్టెన్స్ ఉన్నట్టు తీసుకుంటారు.

చిక్కులు వేరే ఉన్నాయి. మొదటిది రిపోర్టు హద్దు. బాగా వాడుకలో ఉన్న ఒక మిషను పద్ధతిలో మామూలు హద్దు 2.6 నుంచి 24.9 దాకా ఉంటుంది. 22 వచ్చిన మనిషికి ఎర్రగుర్తు పడదు. షుగరు 95 అయితే హోమా 5.16. అంకె వేసి, లెక్క కట్టని రిపోర్టు ఈ మనిషిని వదిలేసినట్టే.

రెండోది, ఒక కంపెనీ కిట్టుకూ మరో కంపెనీ కిట్టుకూ ఇన్సులిన్ అంకె సరిపోలదు. ఈ ఏడాది ఒక ల్యాబులో, వచ్చే ఏడాది మరోచోట చేయించి పెరిగిందనో తగ్గిందనో చెప్పలేం. క్లోమం కూడా ఇన్సులిన్‌ను ఏకధారగా వదలదు, నిమిషాల తేడాతో అలలుగా వదులుతుంది. మూడోది, జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు. 5, 10 మిల్లీగ్రాముల మోతాదులు కొన్ని మిషన్లలో ఇన్సులిన్‌ను, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. కనీసం రెండు రోజుల ముందు ఆపి, వాడుతున్న సంగతి ల్యాబుకు చెప్పాలి. నాలుగోది, ఎర్రకణాలు పగిలిన శాంపిల్. వాటిలోని ఎంజైము ఇన్సులిన్‌ను కరిగించేస్తుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లకు ఈ పరీక్ష అర్థమే లేదు.

అందుకే పీసీఓడీ ఉన్న అమ్మాయికో, మెడ వెనక నల్లగా మందమైన చర్మం ఉన్నవాళ్లకో డాక్టరు అడిగి రాస్తే చేయించండి. మిగిలినవాళ్లకు నిష్పత్తీ, టీవైజీ, టేపూ చాలు. అదే డబ్బు ఉంటే అపో బీ చేయించుకోవడం మేలు. రక్తనాళాలను దెబ్బతీసే కణాల సంఖ్యను అది నేరుగా చెబుతుంది, దానికి పరగడుపు కూడా అక్కర్లేదు.

హెచ్‌బీఏ1సీ ఎప్పుడు మోసం చేస్తుంది

5.7 నుంచి 6.4 అయితే ముందు దశ, 6.5 చేరితే షుగరు జబ్బు. అయితే ఈ అంకె హిమోగ్లోబిన్ మీద ఆధారపడి ఉంటుంది. ఇనుము లోపంతో రక్తహీనత ఉన్న ఆడవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక, రక్తం పోయాక, ఎక్కించుకున్నాక, ఎర్రకణాలు తొందరగా నశించే జబ్బుల్లో తక్కువగా వస్తుంది. కాబట్టి 5.9 చూసి కంగారుపడేముందు అదే రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎంతో చూడండి. 9 ఉంటే ముందు రక్తహీనత సంగతి తేల్చుకోవాలి.

సందేహం మిగిలితే గ్లూకోజ్ తాగి చేసే పరీక్షే ఖచ్చితం. 75 గ్రాముల నిర్జల గ్లూకోజ్‌ను 250 నుంచి 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లోపు తాగాలి. డబ్బాలో ఉన్నది మోనోహైడ్రేట్ అయితే 82.5 గ్రాములు తూచాలి, చెంచాలతో కొలిచే చోట వద్దు. తర్వాత రెండు గంటలు కూర్చునే ఉండాలి. అప్పుడు తీసిన రక్తంలో షుగరు 140 నుంచి 199 వస్తే గ్లూకోజ్ తట్టుకునే శక్తి తగ్గినట్టు, 200 చేరితే షుగరు జబ్బు. ఉగ్గాణి తిని రెండు గంటలకు ఇచ్చే రక్తం ఈ పరీక్షకు బదులు కాదు. పొద్దున ఏది, ఎంత తిన్నారో దాన్ని బట్టి ఆ అంకె మారిపోతుంది.

శాంపిల్ తీసేటప్పుడు చూడాల్సినవి

కర్నూలు ఎండలో అసలు గండం ఇక్కడుంది. గొట్టంలోని రక్తకణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. వేరు చేయని రక్తంలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది, వేడిలో ఇంకా ఎక్కువ. నిజానికి 104 ఉన్న షుగరు రెండు గంటలకు 93 దగ్గరికి దిగొచ్చు. ముందు దశలో ఉన్న మనిషి మామూలు మనిషి అయిపోతాడు. ఏప్రిల్, మే నెలల్లో బైకు మీద నాలుగైదు ఇళ్లు తిరిగి పదింటికి ల్యాబుకు చేరే సంచిలో మీ గొట్టం మొదటిదైతే ఆ ఫలితం మీద నమ్మకం పెట్టుకోలేం.

షుగరుకు బూడిదరంగు మూత గొట్టం వాడుతున్నారో లేదో చూడండి. అందులోని ఫ్లోరైడ్ గ్లూకోజ్ తరుగుదలను ఆపుతుంది, కానీ పూర్తిగా పనిచేయడానికి గంటకు పైగా పడుతుంది కనుక మొదటి నష్టం ఎలాగూ ఉంటుంది. పసుపు మూత గొట్టంలోంచే షుగరు కూడా చూస్తామంటే, అది అరగంటలో గడ్డకట్టి వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో (కణాలను వేరు చేసే తిరిగే మిషను) తిరిగితేనే సరి. తీసే వరస ముందు పసుపు, తర్వాత ఊదా, చివర బూడిద. ఊదా మూత గొట్టంలోని మందు పసుపు గొట్టంలోకి చేరితే పొటాషియం లేనిపోని ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తాయి. ఊదా, బూడిద గొట్టాలను ఎనిమిది, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి. శాంపిల్ సంచిలో చల్లటి జెల్ ప్యాకు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

వీలైతే ఇంటి సేవ మానుకుని, పొద్దున ఏడింటికి సెంట్రిఫ్యూజ్ ఉన్న ల్యాబుకే వెళ్లి ఇవ్వడం ఉత్తమం. చాలా కలెక్షన్ సెంటర్లు కర్నూలు నుంచి హైదరాబాద్‌కో, అనంతపురం నుంచి బెంగళూరుకో శాంపిళ్లు పంపుతాయి. పంపడం తప్పు కాదు, సీరం (కణాలు తీసేయగా మిగిలే ద్రవం) ఇక్కడే వేరు చేసి చల్లగా పంపితే చాలు. రిపోర్టులో రక్తం తీసిన సమయం, ల్యాబుకు చేరిన సమయం రెండూ ఉంటాయి, పోల్చి చూడండి. ల్యాబుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తు ఉన్నా అది మీరు చేయించే పరీక్షకు వర్తిస్తుందా అన్నది వేరే విషయం, ల్యాబు వాళ్ల స్కోపు జాబితాలో ఉంటుంది.

మీ వైపునుంచి: పది నుంచి పన్నెండు గంటల పరగడుపు, మంచినీళ్లు తాగొచ్చు, పాలు కలిపిన కాఫీ, టీ వద్దు. పదహారు గంటలు కడుపు మాడ్చుకున్నా అంకెలు మారతాయి. ముందు రోజు పెళ్లి భోజనమో, మందో అయితే ట్రైగ్లిజరైడ్స్ పెరిగి వస్తాయి, రెండు రోజులు ఆగండి. జ్వరం తగ్గిన వెంటనే, కీళ్లకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్న రోజుల్లో వద్దు. రంజాన్ ఉపవాసాల్లో మధ్యాహ్నం ఇచ్చే రక్తాన్ని మామూలు రోజుల ఉదయం అంకెలతో పోల్చలేం. పండుగ తర్వాత చేయించుకోవడం మంచిది.

మిగతా హంగులు

విటమిన్ డీ, బీ12, థైరాయిడ్ లక్షణాలుంటే పనికొస్తాయి, ఇన్సులిన్ రెసిస్టెన్స్ తేల్చడానికి కాదు. ఏ ఇబ్బందీ లేని మనిషికి క్యాన్సర్ మార్కర్లు చేస్తే ఎక్కువగా మిగిలేది అనవసర భయం. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మాత్రం మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి తప్పకుండా కలుపుకోవాలి. 30 దాటితే కిడ్నీకే కాదు, గుండెకూ హెచ్చరిక.

డబ్బు పెట్టలేనివాళ్లకు దారి మూసుకుపోలేదు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేసే అసంక్రమిత వ్యాధుల స్క్రీనింగ్‌లో ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ ఫారంలో వయసు, పొగాకు, వ్యాయామం, కుటుంబ చరిత్రతో పాటు నడుము కొలత కూడా ఉంది. ఖరీదైన ప్యాకేజీల్లో లేనిది ఉచిత ఫారంలో ఉంది. బీపీ, షుగరు కూడా చూస్తారు. లిపిడ్ ప్రొఫైల్ అవసరమైతే కర్నూలు సర్వజన వైద్యశాలలో, కడప రిమ్స్‌లో డాక్టరు చేత రాయించుకోవచ్చు.

నిష్పత్తి, టేపు రెండూ హద్దు దాటినవాళ్లు రిపోర్టుతో ఫిజీషియన్‌ను కలవాలి. ఈ దశలో మార్పు ఫలిస్తుందని మన దేశంలోనే రుజువైంది. 2006లో వెలువడిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో ముందు దశ మనుషులకు తిండి, నడక మార్పులతో షుగరు జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో 26.4 శాతం. మన తిండిలో మొదట తగ్గించాల్సింది అన్నం కొలత. రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం మంచివే, అయినా వాటిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. ముద్ద సైజు తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచాలి. సంగటిలో బియ్యం వంతు ఎంతన్నది కూడా చూసుకోవాలి. భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాల నడక, వారంలో రెండు, మూడు రోజులు కండరాలకు పని.

మార్పులు మొదలుపెట్టిన మూడు నెలలకు మళ్లీ చేయించేటప్పుడు ప్యాకేజీ మొత్తం కొనక్కర్లేదు. ఫాస్టింగ్ షుగరు, హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్, ఎస్‌జీపీటీ విడిగా రాయించుకుని, అదే ల్యాబులో, అదే వేళకు ఇవ్వండి. టేపు కూడా అదే చోట పెట్టి కొలవండి.